లేతు మిషన్ కోసం మేం పంపిన ఉత్తరం

పొదుపులు, అప్పులు, వసూళ్ళ లెక్కలన్నీ ముందు పేజీలలో చదివే ఉంటారు. జీవనోపాధుల పట్టికలో మా గ్రామ సంఘం పేరుకి ఎదురుగా "చెక్క లేతు మిషన్ – 1" అని ఒక్క లైను ఉంది. మీరు చూశారో లేదో గాని, ఆ ఒక్క లైను వెనక మా ఐదు నెలల తిప్పలు ఉన్నాయి. మండల సమాఖ్య సమావేశంలో ఈ కథ చెబుతుంటే కొందరు నవ్వారు, కొందరు అయ్యో అన్నారు. చివరికి మా సి.సి. గారు "నవ్వుకోవడం కాదమ్మా, రాసి పెట్టండి, రేపు ఇంకో సంఘానికి పనికొస్తుంది" అన్నారు. రాయడానికి కూర్చుంటే తెలిసింది, ఇది మిషన్ కథ ఒక్కటే కాదని. మన చేతుల పని ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చెప్పకుండా ఆ మిషన్ మాకు ఎందుకంత కావలసి వచ్చిందో చెప్పలేను. కాబట్టి కొంచెం వెనక నుంచి మొదలుపెడతాను.

మాది వరాహ నది ఒడ్డు ప్రాంతం. ఏటికొప్పాక పేరు మీరందరూ వినే ఉంటారు. ఇప్పుడు అనకాపల్లి జిల్లా, 2022 ఏప్రిల్‌కి ముందు విశాఖపట్నం జిల్లా. అక్కడి లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల నుంచి తీసిన రంగులతో ఆ బొమ్మలకి మళ్ళీ పేరు తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 జనవరి 26న ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం కూడా ఏటికొప్పాక బొమ్మలదే. ఆ రోజు మా వీధిలో టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందూ జనమే.

ఈ బొమ్మకి అంకుడు కర్ర కావాలి. మెత్తగా, తెల్లగా, పీచు కనపడకుండా ఉంటుంది. ఆరబెట్టిన కర్ర ముక్కని తరిమెనకి బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తే గుండ్రంగా చెక్కుకుపోతుంది. చెక్కడం అయిపోయాక, ఇంకా తిరుగుతూ ఉండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దాని మీద ఒత్తిపెడతారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. పొయ్యి లేదు, కుంచె లేదు. అంతా తిరగడంలోనే ఉంది. తిరగడం ఆగితే పని ఆగిపోయినట్టే.

మరి అది ఎలా తిరుగుతుంది? ఇప్పటి పిల్లలకి తెలీదు గాని, మా అమ్మమ్మ కాలంలో తరిమెనకి తాడు చుట్టి ఒక మనిషి ముందుకీ వెనక్కీ లాగేవారు. ఉలి పట్టేది తాతయ్య. తాడు లాగేది అమ్మమ్మ. తాతయ్యని ఊళ్ళో అందరూ "పనోడు" అనేవారు. అమ్మమ్మని "సాయం చేస్తాది" అనేవారు. పొద్దున్న సద్ది తిని కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఆవిడ లాగుతూనే ఉండేది. ముసలితనంలో కుడి భుజం ఎత్తలేక జడ కూడా ఎడం చేత్తోనే వేసుకునేది. ఆ భుజం సంగతి ఎవరూ ఎక్కడా రాయలేదు. ఈ పుస్తకంలోనైనా ఉండాలని రాస్తున్నాను.

ఈ తాడు లాగే పని మన ఊరిది మాత్రమే అనుకునేదాన్ని. కాదట. ఈజిప్టు దేశంలో పెటోసిరిస్ అనే పూజారి సమాధి ఒకటుంది, క్రీస్తు పుట్టడానికి సుమారు మూడు వందల ఏళ్ళ ముందుది. దాని గోడ మీద చెక్కిన బొమ్మల్లో ఇద్దరు మనుషులు తరిమెన దగ్గర పని చేస్తూ కనిపిస్తారు. ఒకరు తాడు లాగుతున్నారు, ఒకరు ఉలి పట్టారు. డిగ్రీ చదివే మా చెల్లెలి కూతురు ఫోన్‌లో ఆ బొమ్మ చూపించింది. చూడగానే నాకు మా వాకిలి గుర్తొచ్చింది. అంటే రెండు వేల మూడు వందల ఏళ్ళ పాటు ఈ పనికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

ఆ రెండో మనిషిని తప్పించడానికి లోకంలో చాలా చేశారు. ఐరోపాలో తాడు ఒక కొసని పైన వంగే వాసానికి కట్టి, రెండో కొసని కింద తొక్కుడుబల్లకి కట్టారు. కాలితో తొక్కితే కర్ర ఇటు తిరుగుతుంది, వాసం పైకి లాగితే అటు తిరుగుతుంది. ఒక్క మనిషే సరిపోతాడు. ఇంగ్లండులో చిల్టర్న్ కొండల దగ్గర అడవిలో కూర్చుని కుర్చీ కాళ్ళు తీసే వాళ్ళు ఇరవయ్యో శతాబ్దం దాకా ఇలాగే చేశారు. ఆ దేశంలోనే పోర్ట్స్‌మత్ ఓడరేవులో 1803 నుంచి 1808 మధ్య మార్క్ బ్రునెల్ అనే ఇంజనీరు, హెన్రీ మాడ్‌స్లే అనే పనిమంతుడు కలిసి ఓడలకి కావలసిన చెక్క కప్పీలు చేసే యంత్రాలు పెట్టారు. 110 మంది నేర్పరులు చేసే పని అక్కడ పది మంది మామూలు కూలీలు చేసేవారని, ఏడాదికి 1,30,000 కప్పీలు తయారయ్యేవని లెక్కలున్నాయి. చరిత్ర పుస్తకాలు దీన్ని గొప్పగా చెబుతాయి. మిగిలిన వంద మంది ఏం తిన్నారో అని నాకైతే అనిపిస్తుంది. యంత్రం వస్తే పోయేది ఎవరి పని, మిగిలేది ఎవరి పని అన్నది ముందే అడగాలి. మా సంఘంలోనూ ఇదే అడిగాం.

మా లెక్క వేరేగా వచ్చింది. కరెంటు మోటారు వచ్చాక తాడు లాగే పని పోయింది, మంచిదే. మోటారు తరిమెనలు మాత్రం మగవాళ్ళ చేతిలోకి వెళ్ళాయి. తాడు లాగిన ఆడవాళ్ళు లక్క కలపడానికి, ముక్కలు అతకడానికి, డబ్బాల్లో సర్దడానికి మిగిలారు. కూలీ కూడా దానికి తగ్గట్టే. మా సంఘంలో బొమ్మల పని తెలిసిన వాళ్ళం ఆరుగురం. అందులో ముగ్గురికి ఉలి పట్టడం వచ్చు, మగవాళ్ళు భోజనానికి లేచినప్పుడు నేర్చుకున్నదే. మాకంటూ ఒక మిషన్ ఉంటే ఉలి పట్టిన కూలీ మాకే వస్తుంది. ఇదీ మా ఆలోచన. మిషన్ వస్తే మా ఆరుగురిలో ఎవరి పనీ పోదు, అందరి పనీ ఒక మెట్టు ఎక్కుతుంది.

అప్పు తేవడం పెద్ద కష్టం కాలేదు. ఒకప్పుడు మన అమ్మలు బ్యాంకు గుమ్మం ఎక్కడానికే భయపడేవారు. 1982లో డ్వాక్రా పథకం, తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, 1992లో నాబార్డు పెట్టిన సంఘాల–బ్యాంకు అనుసంధానం, ఇవన్నీ లేకపోతే ఈ రోజు మన తీర్మానం కాయితం పట్టుకుని మేనేజరు ఎదురుగా కుర్చీలో కూర్చునేవాళ్ళం కాదు. రోజుకి రూపాయి చొప్పున నెలకి ముప్పై రూపాయలు పొదుపు చేసిన వాళ్ళం మనం. ఈ కథ మీకు తెలిసిందే కాబట్టి పొడిగించను.

ఏ మిషన్ కొనాలో కూడా తేలిపోయింది. ఒక శిక్షణకి వెళ్ళినప్పుడు అక్కడ బల్ల మీద పెట్టుకునే చిన్న లేతు చూశాం. ఊగదు, పెద్ద చప్పుడు చేయదు, వేగం తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. వెల్డింగు షాపులో చేయించుకున్న మోటారు తరిమెన మీద సన్నని పని చేస్తే కర్ర వణుకుతుంది, దీని మీద వణకలేదు. దాని పక్కన చిన్న రేకు పలక మీద తయారు చేసిన కంపెనీ పేరు, ఊరు, కింద వెబ్‌సైట్ అచ్చుపోసి ఉన్నాయి. ఉత్తరాదిలో ఎక్కడో ఉన్న కంపెనీ. పేరు ఇక్కడ రాయడం లేదు, అవసరం లేదు. పలకని ఫోటో తీసుకుని ఇంటికి వచ్చాం. ఇంకేముంది, ఫోన్‌లో వెబ్‌సైట్ తెరిచి ఆర్డరు పెట్టేయడమే అనుకున్నాం. మీషోలో చీరలు తెప్పించుకోవడం లేదా ఏటి అన్నది మా రెండో లీడరు.

తెరిచాం. ముందుగా "ఈ సైట్ సురక్షితం కాదు" అని ఎర్ర అక్షరాలు. పైన కంపెనీ పేరు కుడి నుంచి ఎడమకి పరిగెడుతోంది. కింద ఎంతమంది చూశారో లెక్కపెట్టే అంకెల డబ్బా. మిషన్ల బొమ్మలు ఉండాల్సిన చోట బూడిద రంగు గడులు. నొక్కితే ఏదో ప్లగిన్ వేసుకోమంటుంది. ఆ ప్లగిన్ పేరు ఫ్లాష్. వెతికితే తెలిసింది, దాన్ని చేసిన వాళ్ళే 2020 డిసెంబరు 31తో ఆపేశారట. అంటే బొమ్మల పుస్తకం అక్కడే ఉంది, తెరిచే తాళంచెవి మాత్రం లోకంలో ఎక్కడా లేదు.

బొమ్మలు పోతే పోనీ, శిక్షణలో చూసిన మిషన్ నంబరు మా దగ్గర ఉంది కదా. ఆర్డరు ఫారం తెరిచాం. పేరు, ఊరు నింపాం. ఫ్యాక్స్ నంబరు అడిగింది. మాకు ఫ్యాక్స్ ఎక్కడిది? ఖాళీ వదిలితే ఫారం ముందుకి పోదు. సున్నాలు కొడితే ఒప్పుకోదు. చివరికి మండల ఆఫీసులో పాత బోర్డు మీద ఉన్న ఫ్యాక్స్ నంబరు వేశాం. ఆ ఫ్యాక్స్ మిషన్ పాడై ఎన్నేళ్ళయిందో దేవుడికే తెలియాలి. తర్వాత రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ ఉంది. జిల్లా పట్టికలో అనకాపల్లి లేదు. విశాఖపట్నం పెట్టాం. "పంపు" అన్న బొత్తాం నొక్కితే తెల్ల కాయితంలాంటి పేజీ వచ్చి ఆగిపోయింది. పోయిందో లేదో తెలీదు. మళ్ళీ నింపాం. మళ్ళీ తెల్ల పేజీ. వారం రోజుల్లో నాలుగు సార్లు నింపాం. జవాబు లేదు. పేజీలో ఇచ్చిన ఈమెయిల్‌కి రాస్తే అది తిరిగొచ్చింది. ఫోన్ నంబరుకి చేస్తే ఈ నంబరు వాడుకలో లేదని హిందీలో చెప్పింది.

ఈలోపు అప్పు ఖాతాలో పడింది, కంతు మొదలైంది. ఇక్కడే అసలు బాధ. మిషన్ ఆలస్యమైతే కంపెనీకి ఏం పోదు. మేం కంతు తప్పితే వడ్డీ రాయితీ పోతుంది, పైగా మొత్తం సంఘం పేరు పోతుంది. మిషన్ ఇంట్లో లేకుండానే మిషన్ మీద వచ్చే కూలీతో కట్టాల్సిన కంతు కట్టాలి. మొదటి నెల పొదుపు సొమ్ములోంచి సర్దాం. రెండో నెల ఒక అక్క చెవి దుద్దులు కుదువ పెట్టింది. ఆ అక్క "మీరు ఫోన్ పట్టుకుని ఆడుకుంటన్నారు" అని నన్ను అన్న మాట నాకు ఇంకా గుచ్చుకుంటుంది. తప్పు ఆవిడది కాదు.

అప్పుడు మా చెల్లెలి కూతురు ఒక పని చేసింది. అది నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన సంగతి. "పెద్దమ్మా, ముందు ఈ పేజీ ఎప్పటిదో తెలుసుకుందాం. ఎప్పుడు ఆగిపోయిందో తెలిస్తే ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో తెలుస్తుంది" అంది. పేజీలో ఎక్కడా తారీకు లేదు. అయినా వెతికింది, బావి తవ్వితే మట్టి పొరలు చూసినట్టు.

ధరల పట్టిక కింద జి.ఎస్.టి. మాటే లేదు. జి.ఎస్.టి. వచ్చింది 2017 జులై 1న. కాబట్టి పేజీ దానికంటే పాతది. రాష్ట్రాల పట్టికలో తెలంగాణ లేదు, అది 2014 జూన్ 2న ఏర్పడింది. కాబట్టి ఇంకా పాతది. ఒడిశాని ఒరిస్సా అని రాశారు, పేరు మార్చింది 2011లో. ఇంకా వెనక్కి. ఉత్తరాఖండ్‌ని ఉత్తరాంచల్ అని రాశారు. ఆ పేరు 2007 జనవరిలో మారింది. ధరల కింద "వ్యాట్ అదనం" అని ఉంది. వ్యాట్ మన రాష్ట్రంలోనూ ఇంకా చాలా రాష్ట్రాల్లోనూ 2005 ఏప్రిల్ 1న మొదలైంది. కాబట్టి అంతకంటే పాతది కాదు. ఇంకో వాక్యం కూడా ఉంది: సి ఫారం ఇస్తే కేంద్ర అమ్మకపు పన్ను 4 శాతం. ఆ నాలుగు 2007 ఏప్రిల్‌లో మూడు అయింది, 2008 జూన్‌లో రెండు అయింది. అన్నీ కలిపితే తేలింది: ఈ పేజీ 2005 ఏప్రిల్ తర్వాత, 2007 జనవరి లోపల ఎవరో చేసిపెట్టి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. మేం చూస్తున్నది దుకాణం కాదు, దుకాణం పాత ఫోటో.

అది తేలాక నాకు కోపం సగం తగ్గింది. మన దేశంలో ఇంటర్నెట్ మామూలు జనానికి వచ్చింది 1995 ఆగస్టు 15న. ఆ పదేళ్ళలో వెబ్‌సైట్ ఉండడమే గొప్ప. చిన్న కార్ఖానా వాళ్ళు ఎవరో కుర్రాడికి డబ్బులిచ్చి ఒకసారి చేయించుకునేవారు, మన దుకాణాల బోర్డు మీద రంగు వేయించినట్టు. రాజ్‌కోట్, బటాలా, లూధియానా, కోయంబత్తూరు లాంటి ఊళ్ళలో మిషన్లు చేసేవాళ్ళు అమ్ముకునేది ఏజెంట్ల ద్వారా, ముఖపరిచయం మీద. కొనేవాడు ఎవరో వాళ్ళకి తెలుసు: ఇంకో మేస్త్రీ, ఇంకో కార్ఖానా యజమాని. అనకాపల్లి జిల్లా పల్లెలో ఆరుగురు ఆడవాళ్ళు కొంటారని ఆ ఫారం చేసినవాడు అనుకోలేదు. అందుకే మాకు సరిపోయే గడి అందులో లేదు.

దూరం నుంచి వస్తువు తెప్పించుకోవడం కొత్తేం కాదు. అమెరికాలో 1872లో మాంట్‌గొమరీ వార్డ్ అనే ఆయన ఒక్క కాయితం మీద ధరలు అచ్చువేసి పల్లె రైతులకి పంపాడు, మధ్యలో దళారి లేకుండా ఉత్తరం రాస్తే సరుకు పంపేవాడు. అదే కాలంలో ఇల్లినాయిస్ రాష్ట్రం రాక్‌ఫర్డ్ ఊరిలో బార్న్స్ కంపెనీ కాలితో తొక్కే రంపాలు, తరిమెనలు చేసి జాబితా పుస్తకాలతో అమ్మింది. అంతకు ముందే 1856లో సింగర్ కంపెనీ కుట్టుమిషన్లు వాయిదాల మీద ఇవ్వడం మొదలుపెట్టింది. మిషన్ ముందు, డబ్బు కొంచెం కొంచెంగా తర్వాత. మాది తలకిందులు: కంతు ముందు, మిషన్ తర్వాత.

మన దగ్గర 1877లో వి.పి.పి. వచ్చింది. పోస్టుమాన్ వస్తువు చేతికిచ్చి, డబ్బు తీసుకుని, అమ్మినవాడికి పంపేవాడు. మూడేళ్ళకి 1880లో మనీ ఆర్డరు వచ్చింది. పాత తెలుగు పత్రికలు తిరగేస్తే ప్రకటనల చివర "వి.పి.పి. ద్వారా పంపబడును" అని కనపడుతూనే ఉంటుంది. ఆడవాళ్ళ ఆరోగ్యానికి లోధ్ర మందు అమ్మిన డాక్టర్ కె.ఎన్.కేసరి గారు 1928లో "గృహలక్ష్మి" పత్రిక కూడా పెట్టారు. బజారుకి వెళ్ళలేని ఆడవాళ్ళ దగ్గరికి పుస్తకాలూ మందులూ పోస్టు సంచిలో వచ్చేవి. వి.పి.పి.లో ఒక మంచి గుణం ఉంది: వస్తువు గుమ్మం దాకా వచ్చాకే డబ్బు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చూడండి.

మూడో నెలలో ఒక రోజు మా వి.ఓ.ఏ. ఫోన్‌లో వెతుకుతుంటే అదే కంపెనీ పేరుతో ఇంకో పేజీ దొరికింది. కొత్తది, అందంగా ఉంది. మిషన్ ఫోటోలు, తగ్గింపు ధర, వాట్సాప్ నంబరు. మెసేజ్ పెట్టగానే జవాబు. సగం డబ్బు ఈ రోజే వేస్తే ఎల్లుండికి లారీ ఎక్కిస్తామన్నారు. మూడు నెలలు తెల్ల పేజీ చూసి చూసి ఉన్నామేమో, ప్రాణం లేచొచ్చింది. నేనే ముందు "వేసేద్దాం" అన్నాను, దాచడం దేనికి. డబ్బు వేయమన్న ఖాతా కంపెనీ పేరు మీద లేదు, ఎవరో మనిషి పేరు మీద ఉంది. అది చూసి ఆపింది చెవి దుద్దులు కుదువపెట్టిన ఆ అక్కే. "కంపెనీకి కంపెనీ పేరు మీద ఖాతా ఉండదా? మన సంఘానికే సంఘం పేరు మీద ఉంది గదా" అంది. జి.ఎస్.టి. నంబరు అడిగితే వాళ్ళు పంపలేదు. కంపెనీ అడ్రసు అడిగితే నంబరు బ్లాక్ చేశారు. అందమైన పేజీ దొంగది, పాడుబడ్డ పేజీ నిజమైనది. మీ సంఘాల్లో ఎవరైనా ఏదైనా తెప్పించుకుంటుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూడకుండా అడ్వాన్సు వేయొద్దు.

ఇక ఏం చేయాలి? పాత పేజీలో ఫోన్ చచ్చిపోయింది, ఈమెయిల్ చచ్చిపోయింది, ధర చచ్చిపోయింది. మిగిలింది ఒక్కటే, అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉన్న కార్ఖానా అడ్రసు. మనుషులు ఫోన్లు మారుస్తారు, పోత పోసే కొలిమినీ పునాదుల్లో బిగించిన మిషన్లనూ అంత తేలిగ్గా కదపరు అని మా బాబాయి అన్నాడు. ఆయన ఒకప్పుడు పంచదార ఫ్యాక్టరీలో ఫిట్టరు. సరే అని గ్రామ సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాశాం. తెలుగులో రాసుకుని, పిల్ల చేత హిందీలో రాయించాం. మిషన్ నంబరు, పలక ఫోటో జెరాక్సు, మా ఊరి కరెంటు సంగతి, పెట్టే గది కొలతలు, మేం ఎవరం, ఏం చేస్తాం అన్నీ రాసి, అధ్యక్షురాలు, కార్యదర్శి సంతకాలు పెట్టి, రిజిస్టరు పోస్టులో వేశాం. పోస్టాఫీసులో అమ్మాయి "ఈ రోజుల్లో ఉత్తరమా" అని నవ్వింది.

పదకొండో రోజు ఫోన్ వచ్చింది. అవతల ఒకావిడ, కార్ఖానా యజమాని కోడలట, లెక్కలు ఆవిడే చూస్తుందట. మా పిల్ల హిందీలో మాట్లాడింది. వెబ్‌సైట్ మాట ఎత్తితే ఆవిడ కాసేపు ఆగి, అది మా మామగారి కాలంలో ఎవరో చేశారు, పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో మాకే తెలీదు అని చెప్పింది. మేం పంపిన నాలుగు ఫారాలు ఎక్కడికి పోయాయో ఆవిడకీ తెలీదు. మేం అడిగిన నంబరు మిషన్ చేయడం ఆపేసి చాలా కాలమైందని, దాని బదులు ఇంకోటి ఉందని చెప్పింది.

ఉత్తరం రాయకపోయి, ఫారమే పోయి ఉంటే ఇంకో నష్టం జరిగేది. ఆ పాత పట్టికలో ఉన్న మోటార్లన్నీ త్రీ ఫేజ్‌వి. కార్ఖానాలకి 415 వోల్టుల త్రీ ఫేజ్ ఉంటుంది. మన ఇళ్ళకి వచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్. ఆ మోటారు వచ్చి ఉంటే మా గదిలో అది తిరగదు, కొత్త కనెక్షన్‌కి మళ్ళీ ఖర్చు. ఉత్తరంలో మా కరెంటు సంగతి రాశాం కాబట్టి ఆవిడే అడిగి మరీ సింగిల్ ఫేజ్ మోటారు బిగించి పంపింది. ఫారంలో ఆ సంగతి రాయడానికి గడే లేదు. కొటేషన్ జి.ఎస్.టి. నంబరుతో వచ్చింది. ఆ నంబరుని ప్రభుత్వ పోర్టల్‌లో వేసి చూశాం, కంపెనీ పేరు, అదే అడ్రసు కనపడ్డాయి. ఖాతా కంపెనీ పేరు మీదే ఉంది. సంఘం తీర్మానం చేసి సగం ముందు, మిగతాది లారీ రసీదు చూపించాక అని ఒప్పందం రాయించుకున్నాం. వి.పి.పి. అంత కాకపోయినా దానికి దగ్గరగా.

లారీ కిరాయి మాత్రం మేం లెక్కలో వేసుకోలేదు. ధర అంటే కార్ఖానా గుమ్మం దగ్గర ధర అని, తర్వాతది మనదే అని అప్పుడు తెలిసింది. పార్సిల్ ఆఫీసు నుంచి ఊరికి ఆటో, దించడానికి నలుగురు మనుషులు, గచ్చు మీద బోల్టులు బిగించడం, ఎర్తింగు. ఈ చిల్లర ఖర్చులన్నీ కలిపితే ఒక కంతు అంత అయింది. మీరు లెక్క వేసేటప్పుడు వేసుకోండి.

మిషన్ మొదటిసారి తిప్పింది దుద్దుల అక్కే. అందరం అలాగే అనుకున్నాం. బొంగరం తీసింది. లక్క పెట్టేటప్పుడు వేగం ఎక్కువై కొంచెం కమిలింది, అయినా ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఆరుగురిలో ఐదుగురం ఉలి పడుతున్నాం. ఆరో ఆమెకి చూపు తక్కువ, రంగు కలపడం ఆమెదే, వాటా అందరితో సమానం. దుద్దులు విడిపించాం. సంక్రాంతి ముందు రావాల్సిన రెండు ఆర్డర్లు మిషన్ లేక పోయాయి, అవి తిరిగి రావు. ఆ నష్టం ఈ ఏడాది మా లెక్కల్లో కనపడుతుంది, చూసిన వాళ్ళు మమ్మల్ని అడగకముందే చెబుతున్నాను.

కిందటి నెల మిషన్ బెల్టు చీలింది. మా పిల్ల మళ్ళీ ఆ పేజీ తెరిచి చూసింది. కంపెనీ పేరు ఇంకా కుడి నుంచి ఎడమకి పరిగెడుతూనే ఉంది, ఉత్తరాంచల్ అలాగే ఉంది. కోడలుగారి నంబరు ఇప్పుడు మా దగ్గర ఉంది గాని ఆ రోజు ఎంత చేసినా ఎత్తలేదు. బెల్టు కొలత, మిషన్ వరస నంబరు కార్డు మీద రాసి పోస్టు డబ్బాలో వేసి వచ్చాం.